ఆకు లేని రాయి

మా బావగారు రాతిని నాలుకతో చూసేవారు. చేతిలోకి తీసుకుని తువ్వాలు అంచుతో దుమ్ము తుడిచి, నాలుక కొసతో ఒక్కసారి తాకించి, ఆ తడి ఆరేలోపు ఎండకు ఎత్తి, ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసేవారు. అంతా కలిపి ఒక ఆవలింత తీసినంత సేపు. తరువాత ఒక మాట అనేవారు. ఆ మాటకు ఎదురు చూసినంత భయంగా నేను పురిటినొప్పులకు కూడా ఎదురు చూడలేదు.

బావగారంటే మా ఆయనకు అన్న. పోయిన నెల పోయారు. చివరి నాలుగు రోజులు నోట మాట లేదు, కానీ చెంచాతో నీళ్ళు పోస్తే నాలుక కొస ముందుకు వచ్చేది. చూసి, వెనక్కి పోయేది. నీళ్ళు కూడా పరీక్షకు నిలిచినట్టు లేదు.

కె.జి.యఫ్‌లో దొరలు వెళ్ళిపోయి బంగారు గనులు సర్కారువి అయ్యాక ఆయన శాంపిల్ మేస్త్రీ అయ్యారు. భూమి లోపలికి దిగి, రాతి గోడ మీద ఉలితో గాడి కొట్టి, రాలిన ముక్కలను గుడ్డసంచిలో వేసి, సంచి మూతికి చీటీ కట్టి పైకి పంపాలి. పైన ఆ రాతిని దంచి, కాల్చి, బంగారం ఎంత ఉందో తేల్చి రిజిస్టరులో రాసేవాళ్ళు. ఏమీ లేకపోతే నిల్. ఉందో లేదో అన్నంత నలుసు ఉంటే ట్రేస్. వరసగా నిల్ వచ్చిన చోటును మూసేసేవాళ్ళు. నేను చదివింది నాలుగో తరగతి. ఇంగ్లీషులో నాకు ముందు వచ్చిన మాటలు ఈ రెండే. ఆయన వీటిని గనిలో వదిలిపెట్టి రాలేదు, ఇంటికి తెచ్చుకున్నారు.

ఒకే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆయన, ఆయన భార్య, వాళ్ళ ఒక్క కూతురు సుగుణ, మా ఆయన, నేను. అప్పటికి మాకింకా పిల్లలు లేరు. బావగారి భార్యను నేను అక్కా అనేదాన్ని. ఇల్లు బావగారి పేరున ఉండేది. మా ఆయనకు గనిలో పని కూడా ఆయన మాట మీదే వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు కావాలి.

అక్క చారు వడ్డించి పక్కనే నిలబడేది. ఒక్క చుక్క నాలుక కొసకు. ఎడమ కన్ను మూత.

"నిల్."

అంతే. తినడం మాత్రం గిన్నె ఖాళీ అయ్యేదాకా తినేవారు. పండగనాడు నేను వేసిన ముగ్గు నిల్. సుగుణ ఎక్కాలు ఒప్పజెబితే నిల్. పక్కింటివాళ్ళు బిడ్డను ఎత్తుకొచ్చి చూపిస్తే, ఆ బిడ్డ బుగ్గ మీద వేలు పెట్టి, ఆ వేలు నాలుకకు తాకించి "నిల్" అన్నారు. ఆ తల్లి అది దీవెన అనుకుని మొక్కిపోయింది.

నాకు మాత్రం ట్రేస్ వచ్చింది. బైరకూరులో మా ఇంటికి పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు నేను చేసిన కజ్జికాయ కొరికి, నన్ను ఒంటికంటితో చూసి, మా ఆయనతో "ట్రేస్ ఉండాది రా. చేసుకో" అన్నారు. మా నాయన అది ఇంగ్లీషులో పొగడ్త అనుకుని ఊరంతా చెప్పుకున్నాడు. కాపురానికి వచ్చాక అర్థం తెలిసింది. తెలిశాక కూడా నాకు గర్వమే. ఆ ఇంట్లో ట్రేస్ వచ్చింది నా ఒక్కదానికే మరి.

అక్క పాత నూనె డబ్బాలో గులాబీ కొమ్మ ఒకటి నాటింది. బియ్యం కడిగిన నీళ్ళు పోసేది, దానితో మాట్లాడేది. రెండేళ్ళు పూయలేదు. ఒక ఆదివారం బావగారు దాని ముందు నిలబడి, "నిల్ వచ్చిన చోటు మూసేయాల" అని వేళ్ళతో సహా పీకి గోడ అవతలికి విసిరారు. అక్క పరిగెత్తిపోయి తెచ్చుకుంది. కొసన గోరంత మొగ్గ ఉంది. ఆయన ఆ మొగ్గను గిల్లి నాలుక మీద పెట్టుకుని, "అయ్యో, ట్రేస్!" అని నవ్వారు. అక్క మళ్ళీ ఆ ఇంట్లో కొత్తిమీర కూడా నాటలేదు.

ఆయన నవ్వు గురించి చెప్పాలి. ఎదుటివాళ్ళ మొహం వాడితే తప్ప వచ్చేది కాదు. ఒక్కసారే ఆయన తన మీద తాను నవ్వుకోవడం చూశాను. పనిలో తోటివాడు ఎవరో ఇంటికి వచ్చాడు. నేను కాఫీ తీసుకుపోయాను. బావగారు చెబుతున్నారు:

"కొత్తగా పనిలో చేరినప్పుడప్పా. నంగలి దోవలో గుట్ట కాడ రాయి ఒకటి దొరికింది. దాంట్లో ఆకు! కొమ్మ, రెమ్మ, అచ్చం నల్ల సిరాతో గీసినట్ల. తువ్వాల్లో చుట్టుకోని దొర కాడికి ఎత్తుకుపోయినా. దొర చూసినాడు. ఆఫీసులో ఉండేవాళ్ళందర్నీ పిలిచినాడు. పిలిచి నవ్వినాడు. ఇది ఆకు గాదురా, రాతి పగుల్లో నీళ్ళు దిగి మసి మాదిరి గీసిన గీత. మీ కోలారు రాళ్ళు పుట్టినప్పుడు లోకంలో ఆకే పుట్టలేదు, యాడ ఎతికినా దొరకదు అన్నాడు. ఆరు నెల్లు నన్ను ఆకుస్వామీ, ఆకుస్వామీ అని పిలిచినారు."

నవ్వుతూనే చెప్పారు. చేతిలో గ్లాసు మాత్రం నవ్వలేదు, కాఫీ తొణికి పంచె మీద పడింది. అప్పుడు నన్ను చూశారు.

"ఇన్నావు గదమ్మా. ఇంట్లో ఎవురికీ చెప్పబాకు."

"చెప్పను బావా" అన్నాను.

సుగుణ టెన్త్‌లో స్కూలుకంతా ఫస్టు వచ్చింది. సన్నగా, చేతుల నిండా సిరా మరకలతో ఉండేది. మాట్లాడితే ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసేది, అది ఆయనకు నచ్చేది కాదు. ఆ ఏడు వాళ్ళ టీచరమ్మ ఇంటికి వచ్చింది. "సార్, పాపను కోలారు కాలేజీలో సైన్సులో చేర్చండి. ఇట్లాంటి పిల్ల మాకు మళ్ళీ రాదు" అని అప్లికేషన్ కూడా తానే తెచ్చి బల్ల మీద పెట్టింది. బయటివాళ్ళ ముందు బావగారు ఎప్పుడూ కాదనేవారు కాదు. "ఆలోచిస్తాం తల్లీ" అని వీధి మలుపు దాకా సాగనంపి వచ్చారు.

సుగుణ అప్పటికే పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. తండ్రికి ఇష్టమైనది రాళ్ళే కాబట్టి రాళ్ళతోనే మంచి చేసుకుందామని పాపం దాని ఎత్తు.

"అప్పా, ఇది చూడు. రాతి లోపల ఆకు అచ్చు. ఎన్నో ఏండ్ల కిందటి ఆకంట. కాలేజీలో ఇవన్నీ చెప్తారంట."

ఆయన బొమ్మను చాలాసేపు చూశారు. నేను పొయ్యి దగ్గర రొట్టె తడుతున్నాను. నా చెయ్యి ఆగిపోయింది.

"సరే. కాలేజీకి పోయేవాళ్ళకు కన్ను ఉండాల" అన్నారు. "రేపు ఆదివారం. మన రాళ్ళల్లో ఇట్లాంటిది ఒక్కటి ఎతికి చూపించు. ఆకుండే రాయి దొరికిందా, ఆడనే సంతకం పెడతా. పొద్దు గుంకేలోపల దొరకలేదా, కాలేజీ మాట ఇంగ ఎత్తకూడదు."

"సోమవారమే కడపటి దినమప్పా."

"అందుకే రేపు పోదామంటా ఉండేది."

అప్లికేషన్ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. దాని పక్కన పెన్ను గుచ్చుకున్నారు. సుగుణ అక్కను పట్టుకుని గిరగిరా తిప్పింది. నా రొట్టె మాడిపోయింది.

ఆ రాళ్ళల్లో ఆకు దొరకదని సుగుణకు చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. ఇల్లు ఆయనది, మా ఆయన పని ఆయన మాట మీదిది. అదొకటి. ఇంకొకటి చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెబుతాను. ఆ రహస్యం ఆయన ఇంటిల్లిపాదిలో నాకొక్కదానికే అప్పజెప్పారు. ట్రేస్ ఉన్నదానికి.

ఆదివారం పొద్దున గని సంగు, అదే సైరన్, కూసే వేళకు బయలుదేరాం, ఆయన, సుగుణ, నేను. నా పని చిత్రాన్నం గిన్నె, నీళ్ళ బిందె మోయడం. అక్కకు మోకాళ్ళ నొప్పి, రాలేదు. గడపలో నిలబడి కూతురి జడకు మల్లెపూలు పెట్టి, "చక్కగా ఎతుకమ్మా" అంది.

ముందు మా క్వార్టర్స్ లైన్ల వెనక సైనైడ్ దిబ్బలకు తీసుకుపోయారు. బంగారం తీసేసిన రాతిపిండిని ఏళ్ళ తరబడి పోసి పోసి కొండలైన గుట్టలవి. వానలకు కోసుకుపోయి, పైనుంచి కిందికి చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా ఉంటాయి. ఆయన కర్రతో ఒక్కొక్క గాడి చూపిస్తూ చెప్పారు:

"చూడు పాపా. కొండలు అరిగేది గూడా ఇట్లనే. ఈడ మన కండ్ల ముందర అయిపోయింది. ఆడ ఎన్ని ఏండ్లు పట్టిందో ఎవుడికీ తెలీదు. నీళ్ళకు తొందర లేదు. మెత్తంది యాడుండాదో ఎతుక్కోని దాన్నే తింటాది."

ఆ మాటలు చెబుతున్నప్పుడు ఆ మనిషి మొహం చూడాలి. గుళ్ళో దీపం పెట్టినట్టు ఉండేది. సుగుణ నోరు తెరుచుకుని విన్నది. తండ్రి తనతో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది ఆ రోజే. బస్సులో ముళబాగిలు దాకా ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది, ఆయన జరగమనలేదు. చొక్కా జేబులో ఉన్న కాగితం దాని చెంపకు తగులుతూ ఉంది.

ముళబాగిలులో బస్సు మారి నంగలి దోవలో దిగాం. అదంతా రాతిగుండ్ల మీద రాతిగుండ్లు. కొన్ని అడుగున అరిగిపోయి, తోస్తే పడతాయేమో అన్నట్టు నిలబడి ఉంటాయి. ఆయన ఒక గుండు నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు.

"ఈ గుండును ఎవురూ తెచ్చి పెట్టలేదు పాపా. చుట్టూ ఉండే మెత్తంది పోయింది, గట్టిది నిలిచింది. మనుషులూ అంతే. పో, ఎతుకు."

సుగుణ మొదటి రాయి తెచ్చింది. తుడిచారు, నాలుక తాకించారు, కన్ను మూశారు. "నిల్." భుజం మీదుగా వెనక్కి విసిరారు. రెండోది తెచ్చింది. నిల్. అది పోవడం, రావడం, ఆయన విసరడం. ఏ రాయీ చూడకుండా విసరలేదు. ప్రతి రాతినీ అంతే శ్రద్ధగా తుడిచి, అంతే శ్రద్ధగా తాకించి చూశారు. మధ్యలో చిత్రాన్నం పెట్టించుకున్నారు. ఒక ముద్ద నాలుక కొసకు పెట్టి నా వైపు చూశారు. ట్రేస్ అంటారేమోనని నేను ఆశగా చూశాను. పిల్ల ఎండలో అంత అవస్థ పడుతుంటే కూడా చూశాను.

మేకలు తోలుకుంటూ ఒకావిడ వచ్చి నిలబడింది. రాళ్ళ మధ్య వంగి వంగి తిరుగుతున్న సుగుణను చూసి, "ఏం పోగొట్టుకుండారమ్మా, ముక్కుపుడకనా?" అంది.

"లేదమ్మా, మా పాప ఆకు పోగొట్టుకునింది" అన్నారు బావగారు.

"ఆకా? అయితే ఎతకబాకండి సామీ, నా మేకలు ఎప్పుడో మేసేసుంటాయి!"

ఆయన నవ్వారు, ఆవిడ నవ్వింది. సుగుణ కూడా చెమట తుడుచుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం దాటేసరికి సుగుణ చెప్పు వారు తెగింది. ఒంటి చెప్పుతో కుంటింది, తరువాత దాన్నీ విసిరేసి వట్టి కాళ్ళతో బండల మీద తిరిగింది. కాళ్ళు పొక్కాయి. మల్లెపూలు ఎండిపోయి జడకు గడ్డిలాగా వేలాడుతున్నాయి. చేతిలో ఆ పుస్తకం బొమ్మ పేజీ చెమటకు తడిసి చిరిగింది. నీళ్ళు తాగించబోతే గిన్నె తోసేసి, "చిన్నమ్మా, పొద్దు ఇంగా ఉండాది గదా?" అంది.

నాకు ఆ చోటు తెలుసు. మా బైరకూరు వాళ్ళు పశువుల కొట్టం గోడలకు బండ కొట్టుకుపోయిన చోటు ఆ గుట్ట వెనకే. చిన్నప్పుడు మా నాయనకు సంగటి తీసుకుపోయేదాన్ని. పగిలిన బండ లోపలి మొహాల మీద నల్లటి కొమ్మలు ఉండేవి, పిల్లలం వాటిని చెట్టురాళ్ళు అనేవాళ్ళం. బావగారి ఆకు ఏమిటో నాకు ఆ కాఫీ రోజునే తెలుసు.

"గుట్ట ఎనకాల బండ కొట్టిన చోటు ఉండాది. ఆడ చూడు" అన్నాను.

కుంటుకుంటూ పరిగెత్తింది. కాసేపటికి కేక వినిపించింది. రెండు చేతులతో గుండెకు హత్తుకుని తెచ్చింది. అరచేయంత పలక. దాని మీద నల్లటి కాడ, కాడకు కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. గాలి తగిలితే కదిలేటట్టు ఉంది.

"అప్పా... ఆకు."

ఆయన లేచి నిలబడ్డారు. ఆ రాతిని చూసి ఆయన మొహం ఒక్క క్షణం కుర్రవాడి మొహంలాగా అయింది, నేను చూశాను. తుడిచారు. నాలుక తాకించారు. ఎండకు ఎత్తి చాలాసేపు చూశారు. విసరలేదు. జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, తొడ మీద పరిచారు. పెన్ను మూత తీశారు. సుగుణ, ఆయన సంతకం పెట్టడానికి కాగితం కదలకుండా ఒక మూల పట్టుకుంది.

ఆయన పెన్ను మూత పెట్టేశారు.

"ఆకు గాదు పాపా. పగుల్లో నీళ్ళు గీసిన గీత."

సుగుణకు అర్థం కాలేదు. "చూడప్పా, కొమ్మలు ఉండాయి..."

"ఈ రాళ్ళు పుట్టినప్పుడు లోకంలో ఆకే పుట్టలేదు. ఈ జిల్లా అంతా తవ్వినా దొరకదు." అప్పుడు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. "ఆకుస్వామీ! ఇంగ నిన్ను ఆకుస్వామీ అని పిలవాల!"

"నీకు పొద్దున్నే తెలుసా అప్పా?"

"పొద్దున ఏందే, నువ్వు పుట్టకముందు నుంచి తెలుసు."

సుగుణ ఏడవలేదు. కాగితం మూల పట్టుకున్న వేళ్ళు మాత్రం తీయలేదు. ఆయనే మెల్లగా ఆ వేళ్ళు ఊడదీసి, అప్లికేషన్లో ఆ రాతిని పెట్టి, కిళ్ళీ కట్టినట్టు చక్కగా చుట్టి సంచిలో వేసుకున్నారు. తిరుగు బస్సులో సుగుణ నా పక్కన కూర్చుంది. నేను దాని కాళ్ళు నా ఒడిలో పెట్టుకుని తడిగుడ్డ వేశాను. "మా చిన్నమ్మ మంచిది" అంది నిద్రలో లాగా.

రెండేళ్ళకు వేమగల్ పక్క పట్టుపురుగులు పెంచే ఇంటికి కోడలై పోయింది. రోజుకు నాలుగుసార్లు పురుగులకు మల్బరీ ఆకు కోసి వేయాలి. బావగారు మొదటిసారి చూడబోయినప్పుడు నేనూ వెంట ఉన్నాను. తట్టల నిండా పచ్చటి ఆకు, దాని మధ్య సుగుణ. ఆయన ఒక ఆకు తుంచి, నాలుకకు తాకించి, "ఇప్పుడు చాలా ఆకు దొరికింది కదా పాపా?" అన్నారు. సుగుణ ఆకు తరగడం ఆపలేదు. ఆయన వెళ్ళిన ప్రతిసారీ అదే మాట అనేవారు. ముప్పై ఏళ్ళు అదే మాట, అదే నవ్వు.

ఆయన పోయిన తొమ్మిదో నాడు పొద్దున సుగుణా నేనూ ఆయన ట్రంకుపెట్టె తీశాం. అక్క ఎప్పుడో కాలం చేసింది, చూడడానికి మేమిద్దరమే. లోపల అన్నీ రాళ్ళు. ఒక్కొక్కదానికీ గనిలో సంచులకు కట్టినట్టు దారంతో చీటీ. అడుగున పసుపు రంగుకు తిరిగిన కాగితపు పొట్లం ఒకటి ఉంది. సుగుణ విప్పింది. రాయి కంటే ముందు ఆ కాగితం చదివింది. దాని పేరు, దాని మార్కులు, టీచరమ్మ గుండ్రటి రాతలో. తండ్రి సంతకం చేసే చోటు ఖాళీ.

తరువాత చీటీ చదివింది. ఇంగ్లీషులో ఉంది, నాకు రాదు.

"ఏమని ఉండాదమ్మా?"

"చోటు, నంగలి దోవ. రకం, ఆకు గాదు. వాల్యూ, నిల్." చీటీ వెనక్కి తిప్పింది. "ఎవురు తీసినారు అనే చోట అప్ప తన పేరు రాసుకున్నాడు."

రాతిని చాలాసేపు చేతిలో తిప్పింది. ఆ నల్లటి కొమ్మ కొంచెం కూడా మాసిపోలేదు.

"చిన్నమ్మా, ఆ దినం గుట్ట ఎనకాలకు పొమ్మనింది నువ్వే గదా?"

"అవును."

"ఆడ ఇట్లాంటి రాళ్ళు ఉంటాయని తెలిసే చెప్పినావా?"

"తెలిసే."

"ఇది ఆకు గాదని గూడా తెలుసా?"

తెలియదని చెప్పొచ్చు. ఆ కాఫీ పూట నాతో పాటు విన్నవాళ్ళు ఎవరూ ఇప్పుడు లేరు. కానీ నా జ్ఞాపకం నాకు అబద్ధం ఆడనివ్వదు, అదే నాకున్న చదువు.

"తెలుసు."

"మరి ఎందుకు పంపినావు?"

"నీ కాళ్ళు కాలిపోతా ఉన్నాయి సుగుణా. నువ్వు ఎతకడం నిలిపేదానివి గాదు. ఏదో ఒకటి దొరికితే ఇంటికి పోతాం అనుకున్నా. నాకూ ఎండగా ఉండె."

సుగుణ రాయి కింద పెట్టింది. మా ఇద్దరి మధ్య కిటికీలోంచి ఎండ పడుతోంది. నా గడ్డం పట్టుకుని మొహం ఆ ఎండలోకి మెల్లగా తిప్పింది. ఆకు తరిగి తరిగి గరుకైన వేళ్ళు. ఎడమ కన్ను మూసింది. కుడి కంటితో నన్ను చూసింది, ఒక ఆవలింత తీసినంత సేపు. ఆ చూపు ఎక్కడ నేర్చుకుందో నేను అడగనక్కరలేదు.

"నిల్, చిన్నమ్మా" అంది.

నవ్వలేదు. ఆయనకూ సుగుణకూ అదొక్కటే తేడా.